పురానాపూల్: మూసీనదిపై పాత వంతెన

ఊరు పుట్టిన పిదప ఊరివారి సౌకర్యమునకై వంతెన కట్టుట లోకములో సాధారణముగ జరుగు పని. హైదరాబాదు విషయమున ఇది తలక్రిందుగ జరిగినది. చార్మినారు వెలసి నగరమునకు పునాది పడినది 1591లో. మూసీనదిపై పురానాపూల్ అనబడు రాతివంతెన నిర్మింపబడినది 1578లో. అనగా నగరముకన్న వంతెన 13 ఏండ్లు పెద్దది. అవతలి ఒడ్డున ఇంకను నగరము లేని కాలమున, ఇన్ని రాళ్లు మోయించి, ఇంత ధనము వెచ్చించి, ఇంత పెద్ద వంతెన ఎందులకు కట్టవలసి వచ్చెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినచో వంతెన చరిత్రతోబాటు ఒక రాజ్యపు వర్తక చరిత్రయు, ఒక నది చరిత్రయు, కట్టకడకు పల్లెటూరి చెరువుల చరిత్రయు తెలియవచ్చును.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి హైదరాబాదునకు పోవువారు అనేకులు. కోర్టు పనికి కొందరు, ఉస్మానియా ఆసుపత్రికి కొందరు, కూలిపనికి కొందరు, చదువునకు కొందరు పోవుచుందురు. మూసీనది నడుమ ఇమ్లీబన్‌లోని బస్‌స్టేషనులో దిగువారు నదిని చూడకుండ పోజాలరు. ఇమ్లీబన్ అనగా చింతల తోపు. అచటినుండి నదివెంట పడమటికి పోయినచో మొదట నయాపూల్, తరువాత ముసల్లంజంగ్ వంతెన, అటుపిమ్మట పురానాపూల్ వచ్చును. నయాపూల్ అనగా క్రొత్త వంతెన. పురానాపూల్ అనగా పాత వంతెన. పేరులోనే వయస్సు చెప్పుకొన్న వంతెన ఇది.

మూసీనది వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలలో పుట్టి, తూర్పుగ ప్రవహించి, నల్లగొండ సీమలోని వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. దీనికి ముచికుందా నది అని ప్రాచీన నామము. సిరిసిల్ల ప్రక్కనుండి పోవు మానేరు గోదావరికి కూతురైనట్లు మూసీ కృష్ణకు కూతురు. రెండింటి స్వభావమును ఒక్కటే. వేసవిలో ఇసుక తేలి యుండును; మనుష్యులు మోకాలు తడవకుండ దాటవచ్చును. వానకాలమున ఒక్క రాత్రిలో ఒడ్డులు రెండును ఏకమగును. ఇట్టి ఏటిని నమ్మి వర్తకము చేయుట ఎంత కష్టమో మానేరు ఒడ్డువారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఏరు దిగువరకు బండ్లు ఒడ్డుననే విప్పుకొని దినములకొలది పడిగాపులు పడియుండుట పూర్వము ప్రతి ఏటి రేవులోను కానవచ్చిన దృశ్యమే.

గోలకొండ కోట మూసీకి ఉత్తరపు ఒడ్డున కలదు. కుతుబ్‌షాహీ రాజ్యమునకు ప్రధానమైన సముద్రపు రేవు మచిలీపట్నము. రేవునకు పోవు బాట నదికి దక్షిణముగ సాగుచుండెను. గోలకొండకు, నదికి నడుమనున్న కార్వాన్ అను పేట వర్తకుల విడిది. ఒంటెలు, ఎద్దులు, బండ్లు గుంపులుగ వచ్చి దిగు చోటగుటచేతనే దానికి ఆ పేరు వచ్చినది. కృష్ణాతీరపు గనులనుండి వచ్చిన వజ్రములు అచ్చట బేరము జరుగుచుండెను. తెలుగుదేశపు నేతబట్టలు మచిలీపట్నమున ఓడలెక్కి పర్షియాకును, తూర్పు ద్వీపములకును పోవుచుండెను. కోరుట్లకు అంత దూరము కాని కోనసముద్రమున కరగించిన ఉక్కు పర్షియా వర్తకులను ఈ సీమకు రప్పించినంతటి పేరు గాంచినది. మగ్గము ముందు కూర్చున్న సాలె, కొలిమి ముందు కూర్చున్న కమ్మరి చేసిన సరకుతో ఆ రాజ్యపు బొక్కసము నిండెను. ఇంత వర్తకము కల రాజ్యమునకు కోటవాకిటనే ఒక ఏరు అడ్డముగ నుండెను. వంతెన కావలసి వచ్చుటకు ఇంతకన్న వేరు కారణము వెదకనక్కరలేదు.

వంతెన కట్టించినవాడు ఇబ్రహీం కులీ కుతుబ్‌షా. ఇతడు 1550 నుండి 1580 వరకు గోలకొండను పాలించెను. సింహాసనమునకు రాకపూర్వము అన్నకు వెరచి విజయనగరమునకు పోయి, అళియ రామరాయల ఆశ్రయమున ఏడేండ్లు గడపెను. తెలుగు భాషపై ఇతనికి మక్కువ కుదిరినది ఆ కాలముననే యని చెప్పుదురు. తెలుగు కవులు ఇతనిని మల్కిభరాముడని తమ నుడికారమునకు అనువుగ పిలుచుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఇతనికి అంకితమిచ్చెను. పటాన్‌చెరువునేలిన ఇతని అధికారి అమీన్‌ఖానుడు పొన్నెగంటి తెలగనార్యునిచే అచ్చతెనుగున యయాతిచరిత్రమును వ్రాయించి కృతి పుచ్చుకొనెను. ఆశ్రయమిచ్చిన రామరాయలపైననే 1565లో తళ్లికోట యుద్ధమున ఇతర సుల్తానులతో కలిసి కత్తి దూసెననుట కూడ చరిత్రయే. రాజుల మంచిచెడ్డలు రెండును చెప్పినప్పుడే చరిత్ర యగును.

నీటిపనులయందును ఇబ్రహీమునకు శ్రద్ధ మెండు. హుస్సేన్‌సాగరము ఇతని కాలమున, 1562 ప్రాంతమున ఏర్పడినది. ఇబ్రహీంపట్నము పెద్దచెరువు ఇతని పేరనే నేటికిని పిలువబడుచున్నది. చెరువులు త్రవ్వించిన రాజే వంతెన కట్టించుటలో వింత లేదు. నీటిని నిలుపుటయు, నీటిని దాటుటయు ఒకే బుద్ధికి రెండు ముఖములు.

వంతెన పొడవు సుమారు 600 అడుగులు. వెడల్పు 35 అడుగులు. నదిగర్భమునుండి ఎత్తు 54 అడుగులు. మొత్తము 22 కమానులు కలవు. రాయియు సున్నమును తప్ప దీనిలో వేరొక ద్రవ్యము లేదు. ఇనుపకడ్డీలు, సిమెంటు పుట్టుటకు ఎన్నో తరములకు పూర్వపు కట్టడమిది. కమానులో నున్న మర్మమేమో తెలిసినగాని ఈ పనివారి నేర్పు బోధపడదు.

కాకతీయుల గుడులలో రెండు స్తంభములపై ఒక రాతిదూలమును అడ్డముగ పరచి పైకప్పు నిలిపిరి. రాయి ఎంత బరువు మోపినను నలుగదు గాని, దూలముగ అడ్డము వేసి నడుమ బరువు మోపినచో విరుగును. అందుచేత రాతిదూలము పొడవు కొన్ని అడుగులకు మించుటకు వీలులేదు. స్తంభములు దగ్గర దగ్గరగ నుండవలెను. గుడిలో అది అందమే. నదిలో అది ప్రమాదము. స్తంభములు దగ్గరైనకొలది నీటికి దారి తగ్గును. కమాను ఈ చిక్కును తీర్చినది. దానిలో చిన్నచిన్న రాళ్లను విల్లు వంపున పేర్తురు. పైని బరువు ప్రతి రాతిని ప్రక్క రాతిపైకి నొక్కును. ఆ నొక్కుడు రాతినుండి రాతికి సాగి, ఇరుప్రక్కల దిమ్మెలలోనికి దిగి, నేలకు చేరును. రాయికి విరుగు పని లేదు, నలుగక నిలుచుటయే పని. ఆ పనిలో రాయికి సాటిలేదు. బరువు పెరిగినకొలది రాళ్లు మరింత బిగుసుకొనును.

అయితే కమాను పూర్తియగువరకు దానికి స్వశక్తి లేదు. క్రింద కఱ్ఱలతో వంపుగ ఆధారము కట్టి, ఇరువైపులనుండి రాళ్లు పేర్చుకొనుచు వచ్చి, నడినెత్తిన చివరిరాయి బిగించిన పిదపనే ఆధారమును తీయవలెను. నదిలో ఈ పని వేసవిలో మాత్రమే సాగును. గానుగలో మెత్తగ నూరిన సున్నము రాళ్లనడుమ మెల్లమెల్లగ గట్టిపడును. ఇట్లు 22 మారులు చేసిరి. ఆ వడ్డెరల పేర్లు గాని, సున్నము నూరిన స్త్రీల పేర్లు గాని ఏ శాసనమునను లేవు. రాజు పేరు మాత్రము నిలిచినది. వారి పేరు వారు పేర్చిన రాళ్లే.

ఈ వంతెననుగూర్చి జనులలో ఒక ముచ్చటైన కథ కలదు. ఇబ్రహీము కుమారుడు మహమ్మద్ కులీ అవతలి ఒడ్డున చించలమను గ్రామమందలి భాగమతి యను నాట్యకత్తెను ప్రేమించెననియు, ఒకనాటి రాత్రి వరదలో గుఱ్ఱమును దుమికించి ఆమెకొరకు నది దాటెననియు, కొడుకు ప్రాణమునకు భయపడి తండ్రి వంతెన కట్టించెననియు చెప్పుకొందురు. ఇందువలననే కొందరు దీనిని ప్యారానాపూల్, అనగా ప్రేమవంతెన, అని చమత్కారముగ పిలుతురు. కథ రమ్యమైనదే. కాని కాలగణనము దీనికి ఒప్పుకొనుట కష్టము. మహమ్మద్ కులీ 1565 ప్రాంతమున జన్మించెను. వంతెన 1578లో పూర్తియయ్యెను. అనగా అప్పటికి రాజకుమారునకు 13 ఏండ్లు నిండియు నిండని వయస్సు. వంతెన పని పూర్తియగుటకు పట్టిన కాలమును కూడ లెక్కించినచో ఆరంభమునాటికి అతడు ఇంకను చిన్నవాడు. భాగమతి విషయమే చరిత్రకారులలో నేటికిని వివాదగ్రస్తముగ నున్నది.

కథలో చరిత్ర లేకపోయినను జనుల మనస్సు కలదు. వంతెనను చూచినవానికి అది ఎవరిని ఎవరితో కలిపెనో యను ఆలోచన సహజముగ కలుగును. కోటలోని రాజకుమారునకును పల్లెలోని ఆడుబిడ్డకును నడుమ నదికన్న పెద్ద ఎడము కలదని జనులకు తెలియును. ఆ ఎడముపై కూడ ఒక వంతెన యున్న బాగుండునని వారు కథ అల్లుకొనిరి. కాని ఈ కథ చెప్పుచు బండి తోలినవానిని, బట్ట నేసినవానిని, రాయి కొట్టినవానిని మరచుట మాత్రము న్యాయము కాదు. వంతెన వారి అవసరమువలన పుట్టినది.

వంతెన వెలసిన పిదప అవతలి ఒడ్డునకు రాకపోకలు సుకరమయ్యెను. గోలకొండ కోటలో జనము క్రిక్కిరిసి, నీటికి ఇబ్బంది కలిగి యుండెను. 1580లో రాజైన మహమ్మద్ కులీ 1591లో దక్షిణపు ఒడ్డున చార్మినారును, దానిచుట్టు నాలుగు దిక్కులకు బజారులును వేయించి క్రొత్త నగరము నిలిపెను. వంతెన లేకున్న ఆ నగరము కోటకు దూరమైన ఒంటరి పల్లెగ నుండెడిది. ఊరు వంతెనను తెచ్చుకొనుటకు బదులు వంతెనయే ఊరిని తెచ్చెను.

ఫ్రెంచి దేశపు రత్నవర్తకుడు టావెర్నియే 17వ శతాబ్ది నడుమ వజ్రముల బేరమునకై గోలకొండకు పలుమారులు వచ్చెను. పేటనుండి నగరమునకు పోవు దారిలో నున్న ఈ వంతెనను చూచి, పారిసు నగరమందలి పోంనెఫ్ వంతెనకు ఇది అందమున ఇంచుమించు తీసిపోదని వ్రాసెను. ఆ రెండు వంతెనలకును ఒక విచిత్రమైన సంబంధము కలదు. పారిసులో పోంనెఫ్‌నకు తొలిరాయి పడినది 1578లోనే. పని ముగిసినది 1607లో. పేరునకు అర్థము క్రొత్త వంతెన. నేడు పారిసులో సేన్‌నదిపై నిలిచియున్న వంతెనలలో అదియే పాతది. ఒక దేశమున క్రొత్త వంతెన యను పేరుతోను, మరియొక దేశమున పాత వంతెన యను పేరుతోను, 1578వ సంవత్సరముతో ముడిపడిన రెండు కట్టడములు నాలుగు శతాబ్దులకు పైగ జనులను మోయుచున్నవి.

1687లో ఔరంగజేబు గోలకొండను జయించుటతో కుతుబ్‌షాహీల పాలన అంతరించెను. 18వ శతాబ్దిలో నగరమునకు ప్రాకారము లేచినది. వంతెన దక్షిణపు కొన నగరద్వారము వెలసినది. ప్రాకారము చాలమట్టుకు కాలగర్భమున కలిసినను ఆ దర్వాజా మాత్రము నేటికిని నిలిచియున్నది. 1820లో వరదకు వంతెన దెబ్బతినగ మూడవ నిజాము సికందర్ జా మరమ్మతు చేయించెను. నగరము తూర్పునకు పెరిగినకొలది క్రొత్త వంతెనలు అవసరమయ్యెను. 1831లో చాదర్‌ఘాట్ వద్ద కర్నల్ ఆలిఫెంటు పర్యవేక్షణమున ఒకటి, 1860 ప్రాంతమున అఫ్జలుద్దౌలా పేర నయాపూల్ అనబడు అఫ్జల్ వంతెన, ఆ శతాబ్ది చివర ముసల్లంజంగ్ వంతెన ఏర్పడెను. పాత వంతెనకు పురానాపూల్ అను పేరు ఇట్లు క్రొత్తవాటివలన వచ్చినదే.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేది సోమవారము హైదరాబాదు చరిత్రలో మరువరాని దినము. ఆనాటి ముందు రెండుదినములు నగరమునకు ఎగువన ఎడతెగని వాన కురిసెను. శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళముల వర్షము నమోదయ్యెను. తెల్లవారునప్పటికి మూసీ ఒడ్డులు దాటి బజారులపై పడెను. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి మొదలగు పేటలు నీటిలో మునిగెను. సుమారు 15,000 మంది చనిపోయిరని అంచనా. 19,000 ఇండ్లు కూలెను. 80,000 మంది నిలువనీడ లేనివారైరి. ప్రఖ్యాత ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, కూతురును ఆ వరదలోనే కోల్పోయి ఒంటరిగ మిగిలెను. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు నేటికిని కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ రాజభవనముల వాకిండ్లు తెరపించి బాధితులకు అన్నవస్త్రములు పంచిపెట్టించెను.

చాదర్‌ఘాట్, అఫ్జల్, ముసల్లంజంగ్ వంతెనలు మూడును ఆ వరదకు తెగిపోయెను. నగరపు రెండు భాగములకును నడుమ మిగిలిన దారి 330 ఏండ్ల వయసుగల పురానాపూల్ ఒక్కటే. అవతలి ఒడ్డున తమవారు ఉన్నారో పోయిరో తెలియనివారు, అన్నము మోసుకొని పోవువారు, శవములను మోసుకొని వచ్చువారు అందరును ఆ పాత రాళ్లమీదనే నడిచిరి. ఏ వడ్డెర పేర్చిన రాయియో, ఏ స్త్రీ నూరిన సున్నమో, ఆనాడు రెండు ఒడ్డుల జనులను ఒక్కటిగ పట్టి యుంచెను. వంతెనకును వరద దెబ్బ తగులకపోలేదు, తరువాత బాగుచేయబడెను. కాని నిలువవలసిన దినమున నిలిచెను.

చరిత్ర ఇంతటితో ముగిసినచో ఇది పాత కట్టడముల పొగడ్తగ మిగిలెడిది. పల్లెవారు ముఖ్యముగ గమనింపవలసిన విషయము దీని తరువాత కలదు. వరద కారణములను విచారించుటకు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించెను. 1909లో పనికి పూనుకొన్న ఆ మహాశయుడు నగరమున చూచి ఊరకొనక, నది ఎగువకు పోయి పల్లెలను పరిశీలించెను. మూసీకి ఎగువనున్న 862 చదరపు మైళ్ల పరీవాహకములో 788 చెరువులు కలవని, అనగా దాదాపు చదరపు మైలునకు ఒకటి చొప్పున కలవని తేలెను. వానిలో 221 చెరువులకు ఆ వానలో గండ్లు పడెను. నగరమువద్ద నది ప్రవాహము సెకనునకు 4,25,000 ఘనపుటడుగులుగ లెక్కకు వచ్చెను.

గొలుసుకట్టు చెరువుల తీరు ఎరిగిన జగిత్యాల, కోరుట్ల రైతులకు దీని అర్థము చెప్పకయే తెలియును. ఎగువ చెరువు నిండి మత్తడి దూకిన నీరు దిగువ చెరువునకు చేరును. మత్తడి సరిగ నుండి, కట్ట బలముగ నున్నంతకాలము వాననీరు మెట్టుమెట్టుగ నెమ్మదించి దిగును. మత్తడి పూడి నీటికి దారి లేనిచో నీరు కట్టపైనుండి పొరలి గండి పెట్టును. ఆ నీరంతయు ఒక్కసారిగ క్రింది చెరువుపై పడగ అదియు తెగును. ఒక ఊరి కట్ట తెగుట క్రింది పది ఊళ్ల కట్టలకు మృత్యువగును. నగరమును ముంచినది ఆకాశమునుండి పడిన వాన మాత్రమే కాదు. తెగిన చెరువుల నీరు కూడ వాన నీటితో చేరినది.

విశ్వేశ్వరయ్య చూపిన మార్గమును దీనికి తగినట్లే యుండెను. నగరములో ఎత్తైన గోడలు కట్టినంతనే చాలదనియు, వరదను ఎగువనే పట్టి నిలిపి మెల్లగ విడువవలెననియు ఆయన సూచించెను. ఆ ప్రకారము మూసీపై ఉస్మాన్‌సాగరము 1920లోను, ఈసీనదిపై హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి నదితీరమును చక్కదిద్దెను. వరద పాడుచేసిన ఒడ్డులమీదనే హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి లేచెను. 1891లో స్థాపితమైన ఆసఫియా గ్రంథాలయమునకు 1936లో అఫ్జల్‌గంజ్ ఒడ్డుననే క్రొత్త భవనము లభించెను. నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము అదియే. నది విధ్వంసము చేసిన చోట పుస్తకములకు ఇల్లు కట్టుట ఆ తరమువారి ధైర్యమునకు నిదర్శనము.

ఇప్పుడు పురానాపూల్ మీద పెద్ద వాహనములు పోవుటలేదు. వానికి ప్రక్కనే వేరొక వంతెన కట్టబడినది. పాత వంతెనమీద కూరగాయలవారు అంగళ్లు పెట్టుకొని జీవించుచున్నారు. వజ్రముల బాటగ పుట్టిన వంతెన వంకాయల బజారైనందుకు విచారింపనక్కరలేదు. అది నేటికిని సామాన్యుని కడుపు నింపుచునే యున్నది. విచారింపవలసినది వేరు. రాళ్ల సందులలో రావిమొక్కలు మొలచి వేళ్లు దించినచో ఏ వరదకును లొంగని కమానులు మెల్లగ విచ్చిపోవును. క్రింద ప్రవహించునది చాలకాలముగ నగరపు మురుగునీరే. నదిగర్భము నాక్రమించి ఇండ్లు లేచినవి. 2020 అక్టోబరులో కుండపోత వాన కురిసినప్పుడు నగరపు చెరువులు పొంగి పేటలు మునుగుట చూచినవారికి 1908 పాఠము ఇంకను పూర్తిగ ఒంటబట్టలేదని తోచక మానదు.

పట్టణపు వంతెనకును పల్లె చెరువునకును సంబంధమేమని యడుగువారికి పురానాపూల్ చరిత్రయే సమాధానము. తెలంగాణములో 2015లో మిషన్ కాకతీయ పేర 46 వేలకు పైగ చెరువులను బాగుచేయ తలపెట్టినప్పుడు పూడిక తీసి మత్తడులు సరిచేసిన గ్రామములు తమ పొలములకే కాక తమకు దిగువనున్న ప్రతి ఊరికిని మేలు చేసినవి. ఆ పని ఒక్కసారి చేసి చేతులు దులుపుకొనునది కాదు. ప్రతి వేసవిలోను కట్టమీది తుమ్మలను కొట్టుట, తూము చూచుకొనుట, మత్తడి కాలువను ఆక్రమణకు గురికాకుండ కాపాడుకొనుట ఊరి బాధ్యత. నీరటివాడు చెరువునకు కాపు కాచిన కాలమున ఈ మాట చెప్పవలసిన పని లేకుండెను.

ఇబ్రహీం కుతుబ్‌షా వంతెన పూర్తియైన రెండేండ్లకే మరణించెను. దానివలన పుట్టిన నగరమును అతడు చూడలేదు. 1908లో అది నిలిపిన ప్రాణములను రాళ్లు పేర్చినవారును చూడలేదు. తమ కాలమునకు కావలసిన పనిని గట్టిగ చేసిపోయిరి. ఫలము తరువాతివారు అనుభవించిరి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలనుండి ఇకమీద నగరమునకు పోవువారు తీరిక దొరికినప్పుడు ఒక్క గడియ పురానాపూల్‌పై నిలిచి క్రిందికి చూతురు గాక. ఊరికి తిరిగి వచ్చిన పిదప చెరువుకట్టమీదికి పోయి మత్తడి ఎట్లున్నదో కూడ ఒకమారు చూతురు గాక.